టార్ రిలే బయటకు కనిపించడం లేదా? ఎక్కడ తెగిందో ఇలా పట్టుకోండి

ఇంటర్నెట్ వాడేవారి గుర్తింపును దాచే టార్ నెట్‌వర్క్‌కు మీ సర్వర్‌ను ఒక మజిలీగా, అంటే రిలేగా, ఇచ్చారనుకోండి. సర్వర్‌లో టార్ నడుస్తూనే ఉంటుంది. రిలేల వివరాలు చూపే రిలే సెర్చ్ వెబ్‌సైట్‌లో వెతికితే మాత్రం మీ రిలే దొరకదు, లేదా ఆఫ్‌లైన్ అని ఉంటుంది. అప్పుడు చాలామంది అంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రిలే గుర్తింపు మొత్తం టార్ డేటా డైరెక్టరీలోని ‘కీస్’ ఫోల్డర్‌లో ఉంటుంది. అది పోతే ఫింగర్‌ప్రింట్ (రిలేను గుర్తుపట్టే కోడ్) మారుతుంది, వారాల తరబడి నిలబడి తెచ్చుకున్న గార్డ్ ఫ్లాగ్ (వాడేవారికి మొదటి మజిలీగా నిలిచే అర్హత) పోతుంది, మీది మళ్లీ కొత్త రిలే అయిపోతుంది. ముందు ఆ ఫోల్డర్‌ను వేరేచోట భద్రంగా కాపీ చేసుకుని, తర్వాత వెతకడం మొదలుపెట్టండి.

రిలే మొదలవగానే నెట్‌వర్క్ గుండా చుట్టూ తిరిగి తన ఓఆర్‌పోర్ట్‌కే (ఇతరులు రిలేకు కనెక్ట్ అయ్యే పోర్టు) బయటినుంచి వచ్చి తలుపు తట్టి చూసుకుంటుంది. తలుపు తెరుచుకుంటేనే తన వివరాలను రిలేల జాబితాను నిర్వహించే డైరెక్టరీ అథారిటీలకు పంపుతుంది. ఈ అథారిటీలు 9. అవి కూడా విడివిడిగా కనెక్ట్ అయి చూస్తాయి. గంటకోసారి తయారయ్యే ఉమ్మడి రిలే జాబితా ‘కన్సెన్సస్’లో కనీసం 5 అథారిటీలు ఔనంటేనే మీకు ‘రన్నింగ్’ ఫ్లాగ్ వస్తుంది.

ముందు లాగ్ చదవండి. డెబియన్, ఉబుంటుల్లో ‘టార్’ అనే సర్వీసు పైపై తొడుగు మాత్రమే. అసలు ప్రాసెస్ ‘టార్@డిఫాల్ట్’ పేరుతో నడుస్తుంది, లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో ఆ పేరుతోనే చూడాలి. ‘సెల్ఫ్ టెస్టింగ్’ అని మొదలై ‘ఎక్సలెంట్’ అనే మాట ఉన్న లైను కనిపిస్తే తలుపు తెరిచే ఉందన్నమాట. సుమారు 20 నిమిషాలైనా పరీక్ష నెగ్గకపోతే, రీచబిలిటీ (బయటినుంచి అందడం) నిర్ధారణ కాలేదన్న హెచ్చరిక వస్తుంది. అందులో రాసిన చిరునామాను అక్షరం అక్షరం చదవండి.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నా రిలే ఒకసారి రెండు రోజులపాటు బయటకు కనిపించలేదు. 9001 పోర్టు తెరిచే ఉంది, బయటినుంచి కనెక్షన్ కూడా అందుతోంది. ఫైర్‌వాల్ నిబంధనలు పదేపదే తిరగరాశాను. చివరికి లాగ్‌ను నిదానంగా చూస్తే, హెచ్చరికలోని చిరునామాలో చుక్కలు లేవు, కోలన్లు ఉన్నాయి. అది టార్‌ఆర్‌సీ అనే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో నేనే రాసిన ఐపీవీ6 చిరునామా, బయటినుంచి దానికి దారే లేదు. ఐపీవీ4 బాగున్నా, మీరు ప్రకటించిన ఐపీవీ6 అందకపోతే రిలే తన వివరాలను ప్రచురించదు. ఆ లైను తీసేసి, ఐపీవీ4 ఓఆర్‌పోర్ట్ లైను చివర ‘ఐపీవీ4ఓన్లీ’ అని చేర్చాను, కాసేపటికే ‘ఎక్సలెంట్’ కనిపించింది.

పోర్టు వింటోందా? సర్వర్‌లో ‘ఎస్ఎస్’ కమాండ్‌తో చూడండి. ఓఆర్‌పోర్ట్ నంబరు పక్కన టార్ పేరు లేకపోతే తప్పు కాన్ఫిగరేషన్‌లోనే ఉంది. ‘వెరిఫై కాన్ఫిగ్’ ఆప్షన్‌తో టార్‌ను నడిపితే ఏ లైను తేడాగా ఉందో చెబుతుంది.

బయటినుంచి తట్టండి. ఇదే అసలు పరీక్ష. అదే నెట్‌వర్క్‌లో కూర్చుని పరీక్షిస్తే ఫలితాన్ని నమ్మలేం. మొబైల్ డేటాతోనో, వేరే సర్వర్ నుంచో కనెక్షన్ పరీక్షించే నెట్‌క్యాట్ టూల్‌తో ప్రయత్నించండి. అందకపోతే, అద్దె సర్వర్‌లో ఫైర్‌వాల్ రెండుచోట్ల ఉండొచ్చు: ఒకటి సిస్టమ్‌లో, రెండోది ప్రొవైడర్ కంట్రోల్ ప్యానెల్‌లో. ఈ రెండోదాన్ని మరిచిపోవడం చాలా సహజం. ఇంట్లో నడిపేవాళ్లు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చూసుకోవాలి. రౌటర్‌కు బయటివైపు వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీనాట్ (చాలామంది కస్టమర్లకు కలిపి ఒకే పబ్లిక్ చిరునామా ఇచ్చే ఏర్పాటు) వెనక ఉన్నట్టు. అక్కడ ఎన్ని పోర్టులు తెరిచినా ఫలితం ఉండదు. పబ్లిక్ చిరునామా ఇమ్మని ఇంటర్నెట్ కంపెనీని అడగాలి.

గడియారం కూడా చూడండి. సిస్టమ్ టైమ్ బాగా తప్పితే టార్‌కు కన్సెన్సస్ చెల్లనిదిగా కనిపిస్తుంది. నెట్ ద్వారా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ ఆన్ చేస్తే సరిపోతుంది.

వచ్చి పోతూ ఉంటే కారణం వేరు. రిలేకు వేల కనెక్షన్లు ఒకేసారి తెరిచి ఉంటాయి, కనీసం 7000 తట్టుకోగలగాలని టార్ ప్రాజెక్ట్ సూచన. చిన్న రౌటర్ కనెక్షన్ పట్టిక నిండిపోతే కొత్తవి రాలిపోతాయి. దాడుల భయంతో ఫైర్‌వాల్‌లో పెట్టిన కఠిన పరిమితులు అథారిటీలనే అడ్డుకోవచ్చు. బయటకు వెళ్లే దారిని 80, 443 పోర్టులకే కుదించడమూ తప్పే, ఎందుకంటే మిగతా రిలేలు ఏ పోర్టులోనైనా ఉండొచ్చు.

సరిచేశాక ఒక్కసారి రీలోడ్ చేసి వదిలేయండి. మాటిమాటికీ రీస్టార్ట్ చేస్తే ఉన్న కనెక్షన్లన్నీ తెగి, ఆ క్షణంలో మీ రిలే గుండా వెళ్తున్నవారికి దారి పోతుంది, నిలకడగా నడిచే రిలేకు దక్కే స్టేబుల్ ఫ్లాగ్‌కూ ముప్పే. లాగ్‌లో ‘ఎక్సలెంట్’ వచ్చాక రిలే సెర్చ్‌లో కనిపించడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. కొత్త రిలేకు మొదటి మూడు రోజులు ట్రాఫిక్ నామమాత్రంగానే వస్తుంది. అది లోపం కాదు, బ్యాండ్‌విడ్త్ కొలత ఇంకా పూర్తికాలేదంతే.