పసుపుతో చేతుల పరీక్ష

మా మనవడు బడి నుంచి వస్తూనే పంపు కింద చేతులు ఇలా పెట్టి అలా తీసేసి, "కడిగేసుకున్నాను అమ్మమ్మా" అంటాడు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నమ్ముతానా? వాదన మానేసి ఒకరోజు పసుపు డబ్బా తీశాను.

మీరూ చేసి చూడండి. చెంచా పసుపును నీళ్లతో ముద్దగా కలిపి రెండు చేతులకూ, వేళ్ల సందుల్లోకి కూడా పట్టించండి. కాస్త ఆరాక, రోజూ ఎలా కడుక్కుంటారో అలాగే సబ్బు బిళ్లతో కడుక్కోమనండి. సున్నం తగిలితే పసుపు పారాణి అయినట్టు, సబ్బు తగిలినచోటా ఎర్రబడుతుంది. తెల్ల చొక్కా మీద కూర మరకకు సబ్బు రుద్దినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. లేత మరక ఎలాగూ మిగులుతుంది, దాన్ని వదిలేయండి. ముద్ద ముద్దగా ఎక్కడ మిగిలిందో చూడండి.

మావాడి అరచేతులు శుభ్రంగానే ఉన్నాయి. బొటనవేళ్ల చుట్టూ, వేలి కొసల్లో, గోళ్ల కింద మాత్రం పెట్టిన పసుపు పెట్టినట్టే ఉంది. అన్నం కలుపుకునేది ఆ వేళ్లతోనే!

అందుకని చేతులు తడిపి, సబ్బు పట్టించి, పంపు కట్టేయండి. అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు అయ్యాక ఒక్కో బొటనవేలినీ రెండో చేతి పిడికిట్లో పట్టి తిప్పండి. వేలి కొసలను అరచేతిలో గీరండి. మొత్తం 20 సెకన్లు రుద్దాలి. మావాడు రెండో ఎక్కం చదువుతాడు. గబగబా చదివితే మళ్లీ మొదటికి. వేడినీళ్లు అక్కర్లేదు. శానిటైజర్ బయటికి వెళ్లినప్పుడు సరే, కానీ మట్టి, జిడ్డు ఉన్న చేతుల మీద అది సరిగా పనిచేయదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు కూడా సబ్బూ నీళ్లే దిక్కు.

ఇంత కడిగి, గట్టు తుడిచిన మసిగుడ్డకే చేతులు తుడుచుకుంటే ఏం లాభం? నేనూ చాలాకాలం అదే పని చేశాను. ఇప్పుడు చేతులకు వేరే తువ్వాలు ఉంది. మసిగుడ్డను రాత్రిపూట మరిగించి, పిండి, దండెం మీద ఆరేస్తాను. తడిగా ముద్దచేసి సింకు పక్కన పడేసిన గుడ్డలోనే క్రిములు పెరిగేది.

ఇక ఆదివారం కోడిమాంసం. అసలు కడగక్కర్లేదు, బాగా ఉడికితే క్రిములు చస్తాయి. పంపు ధార కింద పెడితే ఆ తుంపర్లు గట్టు మీదా, పక్కనే ఉన్న కొత్తిమీర మీదా పడతాయి. మా అమ్మాయి ఈ మాట వినదు. ఉప్పూ పసుపూ వేసి కడగందే పొయ్యి ఎక్కించదు. చివరికి రాజీపడ్డాం. లోతు గిన్నెలో ముందే నీళ్లు పోసి ముక్కలు అందులో కలిపి, నీళ్లు నెమ్మదిగా వంపేస్తుంది. ఆ తర్వాత సింకూ చేతులూ సబ్బుతో కడుగుతుంది.

మొన్న మావాడు వాళ్ల నాన్నను పసుపు పరీక్షకు కూర్చోబెట్టాడు. బొటనవేళ్లు రెండూ తప్పాయి.