ఇంట్లో కలిపిన జాతర్ ఎందుకు చెడుతుంది: సమస్య - పరిష్కారం

లెబనాన్‌లో పొద్దున్నే రొట్టె మీద పూసి కాల్చే పొడి జాతర్. పొడికీ, అందులో వేసే ఆకుకూ అక్కడ ఒకటే పేరు. మన వాముకు ఘాటు వాసననిచ్చే థైమాల్ అనే పదార్థం ఆ ఆకులోనూ ఉంటుంది, అందుకే వాసన మనకు మరీ కొత్తగా అనిపించదు. కొలత: ఎండు ఆకు 4 టేబుల్ స్పూన్లు, సుమాక్ (పుల్లటి ఎర్ర కాయల పొడి) 2, వేయించిన తెల్ల నువ్వులు 2, ఉప్పు అర టీస్పూను. ఆకు దొరక్కపోతే ఎండు ఒరెగానో 3 భాగాలకు థైమ్ 1 భాగం కలపండి. వాసన కలుస్తుంది కదా అని వాము మాత్రం వేయకండి, చిటికెడు ఎక్కువైనా మిగతావేవీ తెలియవు.

పొడి చేదుగా ఉంది

నూటికి తొంభై సార్లు నువ్వులే కారణం. సన్న సెగ మీద కలుపుతూ 3-4 నిమిషాలు వేయించాలి. చిటపట మొదలై, గింజ లేత బంగారు రంగుకు తిరగగానే దించి వెంటనే పళ్లెంలోకి ఒంపేయాలి. మూకుట్లోనే వదిలేస్తే పొయ్యి ఆపినా ఆ వేడికి మాడతాయి. మాడిన నువ్వులు కలిపేశారా? ఆకు మెత్తగా ఉంటే పిండి జల్లెడలో జల్లించండి. నువ్వులు పైన ఆగిపోతాయి, కొత్తవి వేయించి కలపవచ్చు.

ముద్ద కట్టింది

నువ్వులు వేడిగా ఉండగానే కలిపారు, లేదా సుమాక్‌లో తేమ ఉంది. పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాను కింద గంట ఆరబెట్టి, చేత్తో చిదిపితే చాలు. మిక్సీలో నువ్వులు వేసి తిప్పడం వల్ల నూనె దిగి ముద్దయితే అది మళ్లీ పొడి కాదు, ఆ రోజే ఆలివ్ నూనెతో రొట్టెకు పూసేయండి. మిక్సీ ఆకుకే, అదీ ఒక్కో సెకను చొప్పున రెండు మూడు తిప్పులు. పుల్లలు ముందే ఏరకపోతే తినేటప్పుడు గొంతులో గుచ్చుకుంటాయి.

ఉప్పెక్కువ

సుమాక్ కాయల్ని చాలాచోట్ల ఉప్పుతో కలిపే దంచుతారు. ముందు సుమాక్ రుచి చూసి, ఆ తర్వాతే ఉప్పు సంగతి. ఎక్కువైతే ఆకు, నువ్వులు పెంచండి.

పులుపు లేదు

సుమాక్ ముదురు ఎరుపులో ఉండాలి. గోధుమ రంగుకు తిరిగిందంటే పాతది. మంచి సుమాక్ అర టీస్పూను చొప్పున పెంచి, పది నిమిషాలాగి రుచి చూడండి. నిమ్మ ఉప్పు వేస్తే పులుపు వస్తుంది గానీ నాలుక కొసన పొడిచినట్టుంటుంది, చవక ప్యాకెట్లలో తగిలేది అదే.

ఎండుగడ్డి వాసన

ఆకు ఎండలో ఎండింది, లేదా ఏడాది దాటింది. దీనికి మందు లేదు. నీడలో ఆరిన ఆకుపచ్చ ఆకు కొనుక్కోవడమే.

రొట్టె మీద నల్లబడింది

ఈ రొట్టెను మనూషే అంటారు. 2023లో యునెస్కో దీన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పొడిని అలాగే చల్లితే మాడిపోతుంది. 3 స్పూన్ల పొడికి 3-4 స్పూన్ల ఆలివ్ నూనె కలిపి పది నిమిషాలు నాననిచ్చి, పిండిని వేళ్లతో నొక్కి గుంటలు చేసి పూయండి. ముందే బాగా కాగిన 240 డిగ్రీల ఓవెన్‌లో 7-8 నిమిషాలు చాలు. ఓవెన్ చల్లగా ఉంటే పిండి ఉడికేలోపు ఆకు ఎండి చేదెక్కుతుంది.

నెల తిరక్కుండా మక్కిన వాసన

నువ్వుల్లోని నూనె చెడింది. ఆకు, సుమాక్, ఉప్పు కలిపి గాజు సీసాలో వెలుతురు తగలకుండా ఉంచండి. నువ్వులు మాత్రం వారానికి సరిపడా వేయించి అప్పటికప్పుడు కలుపుకోండి.