మానిటర్ చూశాకే గ్రాఫిక్స్ కార్డు, కార్డు చూశాకే ప్రాసెసర్

విశాఖపట్నం ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపు మెట్లెక్కితే "బడ్జెట్ ఎంతండీ?" అన్న ప్రశ్నే ముందు వస్తుంది. దానికి అంకె చెప్పే ముందు ఇంకో రెండు సంగతులు తేల్చుకుని వెళ్లాలి. ఏ మానిటర్ మీద ఆడతారు? ఏ ఆటలు ఆడతారు? ఇవి తేలకుండా డబ్బు మాట ఎత్తితే, షాపులో అప్పుడు ఏ స్టాకు ఉంటే అదే మీ ఇంటికి వస్తుంది.

1080పీ తెర మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 1440పీలో 36.9 లక్షలు, 4కె తెరలో 82.9 లక్షలు. ఆటలో తెర మీద ఒకదాని వెంట ఒకటి మారే బొమ్మలే ఫ్రేములు, సెకనుకు పదుల కొద్దీ వచ్చే ఆ ఫ్రేములన్నిట్లోనూ ఈ పిక్సెళ్లకి రంగు వేసేది గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ పని వేరు. ఎదుటివాడు ఎటు కదిలాడు, తూటా ఎక్కడ తగిలింది, సర్వర్ నుంచి ఏం వచ్చింది అని లెక్క చూసుకుని, ఈ ఫ్రేములో ఏమేం గీయాలో కార్డుకు చెప్తుంది. రిజల్యూషన్, అంటే పిక్సెళ్ల సంఖ్య, పెంచితే కార్డు మీద బరువు పెరుగుతుంది గానీ ప్రాసెసర్ పని దాదాపు అంతే ఉంటుంది. మిగతా లెక్కంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి తక్కువ సెట్టింగుల్లో 240 హెర్ట్జ్ (సెకనుకు 240 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ మీద ఆడేవాళ్లకి ప్రాసెసరే ముఖ్యం. ఒక మోస్తరు కార్డు చాలు. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆటలు 1440పీలో హై సెట్టింగుల్లో ఆడాలనుకుంటే డబ్బు కార్డుకే పోవాలి. రెండూ కలిపి ఆడే మామూలు ఆటగాడికి మా లెక్క ఇది: ప్రాసెసర్‌కు రూపాయి పెడితే కార్డుకు రెండు పెట్టండి. పోటీ ఆటలు మాత్రమే ఆడితే రెంటికీ సమానంగా పెట్టినా తప్పులేదు.

కార్డు దగ్గర ఎక్కడ మోసపోతారు

ముందు చూడాల్సింది వీడియో మెమరీ. 1080పీకి 8 జీబీ ఇప్పటికీ నడుస్తుంది, కానీ కొత్త ఆటల్లో టెక్స్చర్లు (గోడలు, నేల లాంటివాటి మీది బొమ్మలు) అల్ట్రాలో పెడితే నిండిపోతుంది. నిండిపోయాక ఏమవుతుందంటే, పట్టని డేటాని కార్డు మదర్‌బోర్డు మీది ర్యామ్‌లో పెట్టి, కావలసినప్పుడల్లా స్లాటు గుండా తెచ్చుకుంటుంది. ఆ దారి చాలా నెమ్మది. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగానే కనబడుతూ, మలుపు తిరిగినప్పుడల్లా ఆట టక్కున ఆగి కదులుతుంది. కొన్ని ఆటలైతే ఆగకుండా గోడల మీద బొమ్మల్ని మసక చేసేస్తాయి. 1440పీకి 12 జీబీ కనీసం, 16 ఉంటే నిశ్చింత.

ఇక్కడ పేర్లతో చిక్కు ఉంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీలోనూ వస్తుంది, 16 జీబీలోనూ వస్తుంది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే. పెట్టె మీద పేరు ఒకటే కాబట్టి కొటేషన్‌లో "16 జీబీ" అని రాయించుకోండి. ఆర్‌టీఎక్స్ 3050 సంగతి ఇంకా అన్యాయం: 6 జీబీ రకంలో మెమరీ ఒక్కటే కాదు, లెక్కలు చేసే కోర్లు కూడా 2560 నుంచి 2304కి తగ్గాయి, మెమరీ బస్సు (చిప్పుకీ మెమరీకీ మధ్య దారి) 128 బిట్ల నుంచి 96కి పడిపోయింది. పేరు మాత్రం మారలేదు. ఇక "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అని జీటీ 730 అంటగడితే మొహమాటపడకుండా వద్దనండి. అందులో 4 జీబీ ఉన్నా దాన్ని వాడుకునే సత్తా ఆ చిప్పుకు లేదు.

పాత బోర్డులో కొత్త కార్డు పెట్టేవాళ్లు స్లాటు కూడా చూసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 4060, 5060, ఆర్‌ఎక్స్ 6600, 7600 స్లాటులో ఎనిమిది లేన్లే (డేటా వెళ్లే వరసలు) వాడుకుంటాయి. బి450 లాంటి పాత ఏఎండీ బోర్డు మీద ఆ స్లాటు మూడో తరం పీసీఐఈ (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారి) కాబట్టి దారి ఇంకా ఇరుకు. మెమరీ నిండనంత వరకు పెద్దగా తేడా తెలియదు, నిండితే మాత్రం దెబ్బ గట్టిగా తగులుతుంది. అలాంటి బోర్డుకు 16 లేన్ల ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ మేలైన జోడీ.

ఎన్‌విడియానా, ఏఎండీనా? ఆటలకి మాత్రమే అయితే అదే ధరలో ఏ కార్డుకి మెమరీ ఎక్కువుందో, మీ ఆటల్లో ఏది ఎక్కువ ఫ్రేములిస్తుందో చూసి కొనండి. రుషికొండ, మధురవాడ వైపు ఇంజినీరింగ్ చదువుతూ అదే పీసీ మీద మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులు కూడా చేసే పిల్లలు ఎన్‌విడియాకే వెళ్లడం మంచిది, ఆ సాఫ్ట్‌వేర్ చాలావరకు ఎన్‌విడియా సొంత వేదిక CUDA మీద నడుస్తుంది. ఫ్రేమ్ జనరేషన్ చూపించి "రెట్టింపు ఎఫ్‌పీఎస్" అంటే నమ్మేయకండి. కార్డే ఊహించి మధ్యలో చొప్పించిన ఫ్రేములవి. అసలు ఫ్రేములు 60 దాకా ఉంటేనే అది హాయిగా ఉంటుంది. 30 దగ్గర ఆన్ చేస్తే తెర నునుపుగా కనబడుతుంది గానీ మౌస్ బరువుగానే ఉంటుంది.

ప్రాసెసర్

గేమింగ్‌కి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) ఇప్పటికి సరిపోతాయి. కొత్తగా కట్టించుకునేవాళ్లకి మా మొదటి మాట ఏఎండీ రైజెన్ 5 7600. ఏఎం5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కాబట్టి మూడు నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చకుండానే పైతరం ప్రాసెసర్ వేసుకోవచ్చు. అందులో చిన్న గ్రాఫిక్స్ చిప్పు కూడా ఉంది. ఆటలకి అది పనికిరాదు, కానీ కార్డు వారంటీలో సర్వీసుకి వెళ్లిన వారాల్లో పీసీ మూలన పడకుండా కాపాడుతుంది. 7500ఎఫ్‌లో ఆ చిప్పు ఉండదు. ఇంటెల్‌లోనూ పేరు చివర 'ఎఫ్' ఉంటే అదే అర్థం.

డబ్బు బిగువైతే ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గానీ, రైజెన్ 5 5600 గానీ. 5600 అడిగితే 5500 ఇస్తామంటారు, "రెండూ ఒకటే" అంటారు. ఒకటి కాదు. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5500లో 16. పైగా 5500 మూడో తరం పీసీఐఈ దగ్గరే ఆగిపోయింది. ఆటల్లో క్యాష్ విలువ ఎంతంటే, 7800ఎక్స్3డీ ఎనిమిది కోర్లతోనే అంత పేరు తెచ్చుకున్నది 96 ఎంబీ క్యాష్ వల్లే. ఖరీదైన కార్డు, 240 హెర్ట్జ్ మానిటర్ రెండూ ఉంటేనే అంత దూరం వెళ్లండి.

"ఐ7 గేమింగ్ పీసీ" అని చవగ్గా వస్తే వెంటనే తరం అడగండి. ఐ7 4770 అయితే అది 2013 నాటిది. నాలుగు కోర్లు, డీడీఆర్3 ర్యామ్, విండోస్ 11కి అధికారికంగా అర్హత లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఈనాటి ఐ5 12400ఎఫ్ దాన్ని సునాయాసంగా దాటేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఐ7, ఐ9 కూడా వద్దు. వోల్టేజ్ ఎక్కువై అవి పాడవుతున్నాయని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుని బయోస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పుని ఆ అప్‌డేట్ బాగుచేయదు.

ప్రాసెసర్ ఏదైనా ర్యామ్ ఒక్క స్టిక్కుగా తీసుకోవద్దు. 16 జీబీ ఒకటి కాకుండా 8 జీబీలవి రెండు తీసుకుని, బోర్డు మాన్యువల్ చెప్పిన స్లాట్లలో, సాధారణంగా రెండు, నాలుగింట్లో, పెట్టించండి. తర్వాత బయోస్‌లో, ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయాలి. చేయకపోతే 6000 అని కొన్న ర్యామ్ 4800లోనే నడుస్తుంది.

మన ఊరి ఉక్కపోత, ఉప్పుగాలి

మేలో ఏసీ లేని గదిలో గాలే 34, 35 డిగ్రీలుంటే క్యాబినెట్ లోపలి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఇక్కడ 65 వాట్ల ప్రాసెసర్ తెలివైన ఎంపిక, దాంతో వచ్చే కూలర్‌తోనే నెట్టుకురావచ్చు. ముందు అద్దం ఉన్న క్యాబినెట్ అందంగా ఉంటుంది గానీ గాలి ఆడదు. జాలీ ఉన్నది తీసుకుని, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి పెట్టించండి. మూడు ఫ్యాన్ల కార్డు 300 మిల్లీమీటర్లు దాటొచ్చు, క్యాబినెట్‌లో పడుతుందో లేదో కొనకముందే టేపుతో కొలవండి.

బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు సముద్రపు గాలి నేరుగా తగిలే ఇళ్లలో కార్డు వెనక పట్టీ, స్క్రూలు, స్లాటు అంచులు ముందుగా తుప్పు పడతాయి. పీసీని బాల్కనీ తలుపు ఎదురుగా పెట్టకండి. ఏసీ ఆపి తలుపులు తెరిస్తే బయటి తేమగాలి చల్లబడి ఉన్న లోహం మీద చెమ్మగా పడుతుంది, ఆ వెంటనే పీసీ ఆన్ చేయకుండా అరగంట ఆగండి. వానాకాలంలో వారాల తరబడి కట్టేసి ఉంచకుండా అప్పుడప్పుడు ఓ గంట నడపండి. దుమ్ము జాలీని నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. ఆర్‌టీఎక్స్ 5060 సుమారు 145 వాట్లు, రైజెన్ 7600 నిండా పనిచేస్తే 88, మిగతావన్నీ ఓ 60. మొత్తం 300 దగ్గర. దీనికి పేరున్న కంపెనీ 550 వాట్ల పవర్ సప్లై చాలు. ఆర్‌టీఎక్స్ 5070 ఒక్కటే 250 లాగుతుంది కాబట్టి 650 తీసుకోండి. యూపీఎస్ మీద రాసే వీఏ, వాట్లు ఒకటి కావు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. 5070 పీసీతో ఆట మధ్యలో కరెంటు పోతే అది చేతులెత్తేస్తుంది, మానిటర్ కూడా దాని మీదే ఉంటే మరీను. 1000 వీఏ పైన చూడండి. కొత్త కార్డుల 16 పిన్నుల వైరుని మధ్యలో ఖాళీ కనబడకుండా చివరిదాకా నొక్కాలి, సగం దిగిన పిన్ను వేడెక్కి కాలిపోతుంది.

బిల్లు మీద కార్డు, ప్రాసెసర్ సీరియల్ నంబర్లు వేయించుకుని, పెట్టెలు దాచుకోండి. ఇంటికొచ్చాక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకే గుచ్చండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకున్నారో లేదో చూడండి, చాలామంది నెలల తరబడి 60లోనే ఆడేస్తుంటారు. తర్వాత కార్డు వాడకం చూపించే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ పెట్టి, ఆటలో ఫ్రేములకి హద్దు పెట్టే వీసింక్, ఫ్రేమ్ లిమిట్ తీసేసి, ఓ ఇరవై నిమిషాలు ఆడండి. కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే జోడీ కుదిరినట్టే. 60, 70 దగ్గర ఊగుతుంటే ప్రాసెసర్ అందివ్వలేకపోతోంది. అప్పుడు కొత్తది కొనేముందు రిజల్యూషన్ గానీ సెట్టింగులు గానీ పెంచి చూడండి, ఫ్రేములు తగ్గకుండానే బొమ్మ మెరుగవుతుంది.