అంజీర పిందె గోళీ సైజులోనే రాలిపోతోందా? పారేయకుండా కోసి చూడండి

మిద్దెతోటల్లో పేరు తెలియని అంజీర చెట్టు గురించి తిప్పి తిప్పి రెండే ప్రశ్నలు వస్తాయి. ఇది ఏ రకం? పిందెలెందుకు రాలుతున్నాయి? చాలాసార్లు ఈ రెండింటికీ జవాబు ఆ రాలిన పిందె పొట్టలోనే ఉంటుంది. దాన్ని ఊడ్చి చెత్తలో పడేసి, బోరాన్ పొట్లం కోసం ఎరువుల కొట్టుకు వెళ్తుంటారు. కత్తి తీసుకుని తొడిమ నుంచి కన్ను (కాయ అడుగున ఉండే చిన్న రంధ్రం) దాకా నిలువుగా కోయడానికి నిమిషం కూడా పట్టదు. ఏ మందైనా ఆ తర్వాతే.

ముందు అది అంజీరేనా?

ఆకును వేళ్ల మధ్య రుద్దండి. అంజీర ఆకు సాండ్‌పేపర్‌లా గరగరలాడుతుంది, ముదిరిన ఆకు మూడు నుంచి ఐదు చీలికలతో అరచేయిలా ఉంటుంది. నున్నగా, కోలగా, చీలికల్లేకుండా ఉండి, కాయలు మొద్దుకే గుత్తులుగా కాస్తుంటే అది మేడి. గరుకుగానే ఉన్నా ఆకులు కొమ్మకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా వస్తుంటే బొమ్మమేడి. పళ్లెమంత గుండ్రటి ఆకైతే తిమ్లా. ఈ మూడింటికీ కింద చెప్పేవేవీ వర్తించవు.

లక్షణం: పిందె వస్తుంది, గోళీ సైజుకు చేరి పసుపు తిరిగి రాలిపోతుంది

రాలే సైజును బట్టి కారణం మారుతుంది. శనగగింజంత ఉండగానే రాలితే నీళ్లో నీడో కారణం. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలని బాల్కనీలో అంజీర కాయ నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీది కుండీ ఒక్క మధ్యాహ్నం ఎండినా మర్నాటికి పిందెలు నేల మీద ఉంటాయి. మట్టిలోకి రెండు అంగుళాలు వేలు దించి చూడండి. పొడిగా తగిలితే వేరే కారణం వెతకక్కర్లేదు. కనీసం 40 లీటర్ల కుండీ, పైన మూడు వేళ్ల మందం ఎండుటాకులు, పొద్దున్నే నీళ్లు. బాగా ఎదిగి రంగు తిరిగాక రాలితే ఎక్కువ తక్కువలుగా పోసిన నీళ్లు, లేదా పండుఈగ.

ఆ రెండూ కాక, నీళ్లు సరిగ్గా ఉండి, ఆకు నిగనిగలాడుతూ, చెట్టు ఏపుగా ఎదుగుతూ, రెండేళ్లు వరసగా ప్రతి పిందే రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయి, మెత్తబడకుండా ముడుచుకుని రాలుతోందా? అప్పుడు అనుమానించాల్సింది తెగులునో పోషకాల లోపాన్నో కాదు, చెట్టు పుట్టుకను. అది గింజ నుంచి మొలిచిన చెట్టు అయి ఉంటుంది. చెట్టు ఆరోగ్యంగా కనిపించడమే ఇక్కడ మోసం. ఎరువు వేసిన కొద్దీ ఇంకా పచ్చబడుతుంది, ఇంకా ఎక్కువ పిందెలు వేస్తుంది, అన్నీ రాలుస్తుంది.

ఎందుకో చూద్దాం. మనం తినే అంజీర నిజానికి పువ్వులు లోపలికి తిరిగిన ఒక సంచి. పూనా, కొనాడ్రియా, డయానా, బ్రౌన్ టర్కీ లాంటి తోట రకాల్లో ఆ పూలకు పుప్పొడి అందకపోయినా కాయ ఊరి పండుతుంది. వాటి గింజలు చాలావరకు బోలువి, మొలవవు. స్మిర్నా జాతికి అలా కుదరదు. మగ అంజీర, అంటే కాప్రిఫిగ్, నుంచి పుప్పొడి మోసుకుని రెండు మిల్లీమీటర్ల కందిరీగ కన్నులోంచి లోపలికి దూరితేనే కాయ నిలుస్తుంది. కాలిఫోర్నియాలో 1880ల్లో నాటిన స్మిర్నా తోటలు, 1899లో ఆ కందిరీగను తెచ్చి నిలబెట్టేదాకా కాయలు రాలుస్తూనే ఉన్నాయి. టర్కీ నుంచి దిగుమతయ్యే ఎండు అంజీర ఎక్కువగా ఈ జాతిదే. బేగంబజార్‌లో కొన్న దిగుమతి పండులోని గింజ మీ కుండీలో మొలిచిందంటే, దాని తల్లికాయలోకి కందిరీగ దూరిందనే అర్థం. అలాంటి గింజల్లో సుమారు సగం మగ చెట్లవుతాయి. మిగతా సగంలోనూ చాలావాటికి తల్లి లాగే కందిరీగ కావాలి.

వీధిలో మేడి చెట్టుంది, దాని పురుగులు రావా అంటారు. రావు. మేడి పండులో కనిపించే పురుగు మేడి కందిరీగే. ఒక్కో జాతికి దాని కందిరీగ వేరు.

ఇప్పుడు కోసిన పిందె చూడండి. కన్ను దగ్గర లోపలి అంచున వరసగా కేసరాలు, వాటి మీద పసుపు పుప్పొడి తిత్తులు కనిపిస్తే మగ చెట్టు. దాని కాయ ఒక్కోసారి పెద్దదవుతుంది, రాలకుండా ఉంటుంది కూడా, కానీ లోపల బెండులా పొడిగా ఉంటుంది, తీపి ఎక్కదు. కేసరాలు లేకుండా తెల్లటి పొడి పీచు, మధ్యలో బోలు, తేమ లేకపోతే అది కందిరీగ కోసం ఎదురుచూసే ఆడ చెట్టు. పచ్చి పూనా పిందె లోపల కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, అందుకే చెట్టు మీద కోసిన పిందె పనికిరాదు. తనంతట తాను రాలిందే కోయాలి. ఒకటి కాదు, ఐదారు.

కొన్న ఇంట్లో ముందే ఉన్న చెట్టయితే మొదలు దగ్గర మట్టి రెండు మూడు అంగుళాలు తవ్వండి. కొమ్మ నాటిన మొక్క అయితే మట్టిలో పాత మోడు కొస కనిపిస్తుంది, కాండం దాని పక్క నుంచి వంపు తిరిగి లేస్తుంది. గింజ మొక్కకు కాండం నిట్టనిలువుగా దిగి తల్లివేరులో కలిసిపోతుంది. గోడ పగులులో, డ్రైనేజీ పక్కన దానంతటది మొలిచిందైతే తవ్వే పని కూడా లేదు. మరో గుర్తు: కొమ్మ మొక్క రెండో ఏటికల్లా పిందె వేస్తుంది, గింజ మొక్క నాలుగైదేళ్లు ఆకులతోనే కాలం గడుపుతుంది.

పరిష్కారం

మందు లేదు. రకం మార్చాలి. కుండీలో ఉంటే అంటు కట్టే శ్రమ దండగ. దాన్ని తీసేసి, మీరు పండు తిని చూసిన చెట్టు నుంచి కొమ్మ తెచ్చుకోండి. జనవరి చివర, ఫిబ్రవరిలో చిగురు కదలకముందు, పెన్సిల్ మందం ఉన్న ముదురు కొమ్మను 20 నుంచి 25 సెంటీమీటర్లు, నాలుగు కణుపులతో కత్తిరించాలి. కోత దగ్గర కారే పాలను నీళ్లతో కడిగి ఒక రోజు నీడలో ఆరనివ్వాలి. ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సగం సగం కలిపి, మూడు కణుపులు లోపలికి పోయేలా గుచ్చాలి. తడి ఉండాలి, చిత్తడి కాకూడదు. నీడలో నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లొస్తాయి. ఆకు ముందే విప్పుకుంటుంది, అది చూసి వేరొచ్చిందనుకుని పీకి చూడకండి. ఎక్కువ కొమ్మలు చచ్చేది అక్కడే.

నేలలో మణికట్టు లావు మొదలుంటే మాత్రం అంటు కట్టండి, వేరు బలం ఎందుకు పోగొట్టుకోవాలి? మొదలును మోకాలి ఎత్తులో ముందురోజే కోసి పాలు కారనివ్వాలి. మర్నాడు తుడిచి, కొస పలుచగా మళ్లీ కోసి, ఐదు సెంటీమీటర్లు నిలువుగా చీల్చి, రెండు మూడు మొగ్గలున్న పుల్లను ఉలి మొనలా చెక్కి దించండి. మొదలు లావుగా ఉంటుంది కాబట్టి పుల్లను మధ్యలో కాదు, అంచుకు జరపాలి. బెరడు కింది పచ్చపొరలు ఒక పక్కైనా కలవకపోతే అంటు పట్టదు. టేపు బిగించి, పైన పాలిథిన్ కవర్ తొడిగి, నీడ కట్టండి. మూడు నాలుగు వారాల్లో మొగ్గ కదులుతుంది. ఆ తర్వాత అంటు కింద నుంచి వచ్చే ప్రతి చిగురూ గిల్లేయాలి, లేదంటే ఏడాదిలో పాత చెట్టే మళ్లీ పైచేయి సాధిస్తుంది. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. అంజీర పాలు పడిన చర్మం ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కుతుంది.

లక్షణం: ఒకే చెట్టుకు ఆకులు రకరకాలుగా ఉన్నాయి, రకం తేలడం లేదు

అది జబ్బు కాదు. లేత మొక్క, నీడ కొమ్మ, మొదలు చిగురు, ఒక్కోదాని ఆకు ఒక్కోలా ఉంటుంది. ఎండ తగిలే కొమ్మకు మధ్యలో ఉన్న ముదురాకులు మూడు తీసుకోండి. చీలికల సంఖ్య, తొడిమ దగ్గరి గంటు ఆకారం రాసుకోండి. అయినా ఆకుతో సగమే తేలుతుంది. పండిన కాయ కావాలి, అదీ రెండు సీజన్లవి. తోలు రంగు, గుజ్జు రంగు, కన్ను మూసుందా తెరిచుందా, మెడ పొడవు చూడాలి. పలుచటి ఊదా గోధుమ తోలు, గులాబీ గుజ్జు, గంట ఆకారం అయితే పూనా వైపు మొగ్గొచ్చు. పండినా పసుపు పచ్చగానే ఉంటే కొనాడ్రియా లేదా డయానా, వీటిలో డయానా కాయ పెద్దది. మెడ వంగి, కాయ వేలాడి, వేలికి మెత్తగా తగిలాకే కోయండి. కోశాక అంజీర తీపెక్కదు, పచ్చిగా కోసిన కాయతో పోల్చుకుంటే ఏ రకమూ సరిపోలదు.

లక్షణం: వానల్లో ఆకులన్నీ రాలిపోయాయి

ఆకు అడుగున గోధుమ, నారింజ పొడి వేలికి అంటితే తుప్పు తెగులు. హైదరాబాద్ వానాకాలంలో దాదాపు ప్రతి చెట్టుకూ ఎంతో కొంత వస్తుంది. రాలిన ఆకులు తీసేసి, లీటరు నీటికి 2 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలిపి ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి. కాయ పండే దశలో కొట్టొద్దు. చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

మొక్క ఎదగకుండా మధ్యాహ్నం తడిమట్టిలోనే వాడుతుంటే కుండీ లోంచి తీసి వేళ్లు చూడండి. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగులు. ఆ మట్టిని మళ్లీ వాడకండి, ఆ మొక్క నుంచి కొమ్మ మాత్రం తీసుకుని కొత్త మట్టిలో మొదలుపెట్టండి. ఆకు మీద పసుపు మచ్చలు మొజాయిక్ వైరస్ వల్ల కావచ్చు. కనిపిస్తే ఆ చెట్టు కొమ్మలు ఎవరికీ ఇవ్వకండి.