పాత గ్యాస్ సర్వీసులోకి ప్లాస్టిక్ పైపు – 4వ పాఠం: స్టీలు మూతి

పోయిన పాఠం చివర ఒక చిన్న ప్రశ్న ఇచ్చాను. ముప్పావు అంగుళం పాత స్టీలు సర్వీసులో, అంటే వీధి పైపు నుంచి ఇంటికి వచ్చే పైపులో, ఏ ప్లాస్టిక్ పైపు దూరుతుంది అని. ఎక్కువమంది ‘అర అంగుళం’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. ఏ అర అంగుళం అని ఎవరూ అడగలేదు. అడగాలని నేనూ చెప్పలేదు, ఆ తప్పు నాదే. కాబట్టి ఈసారి ముందు అది తేల్చుకుందాం. పైపు తోయడం ఆ తర్వాతే.

ఇక్కడ అమెరికాలో గ్యాస్ ప్లాస్టిక్ పైపుకు రెండు కొలతల వరసలు ఉన్నాయి. ఇనుప పైపు వరసను ఐపీఎస్ అంటారు, రాగి గొట్టం వరసను సీటీఎస్ అంటారు. పేరు ఒకటే ఉంటుంది, లావు మాత్రం వేరు. అర అంగుళం సీటీఎస్ బయటి వ్యాసం 0.625 అంగుళం. అర అంగుళం ఐపీఎస్ బయటి వ్యాసం 0.840. ఇప్పుడు ముప్పావు అంగుళం స్టీలు పైపు లోపలి వ్యాసం చూడండి. షెడ్యూల్ 40, అంటే మామూలు గోడ మందం, అయితే 0.824. అంటే అర అంగుళం ఐపీఎస్ ముప్పావు అంగుళం స్టీలులోకి పోనే పోదు. సీటీఎస్ అయితే పోతుంది, చుట్టూ కాస్త చోటు కూడా మిగులుతుంది.

హైదరాబాద్‌లో పైపు గ్యాస్ పని చేసి వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువగా తడబడ్డారు. వాళ్లను తప్పుపట్టను. అక్కడ 20 ఎంఎం పైపు అంటే బయటి వ్యాసం 20 మిల్లీమీటర్లే. పేరే కొలత. ఇక్కడ సీటీఎస్‌లో పేరుకు పరక, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కలిపితే బయటి వ్యాసం వస్తుంది. అర అంగుళానికి 0.625, ముప్పావుకు 0.875, అంగుళానికి 1.125. ఐపీఎస్‌కు అలాంటి సులువు లేదు, పట్టిక దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఇంకొన్ని చూద్దాం. అంగుళం స్టీలు లోపలి వ్యాసం 1.049. అందులోకి అంగుళం సీటీఎస్ పోదు. ముప్పావు సీటీఎస్ కాగితం మీద పోతుంది, కానీ అరవై డెబ్భై ఏళ్ల తుప్పు పట్టిన పైపులో మధ్యలోనే బిగుసుకుంటుంది. నేనైతే అర అంగుళం సీటీఎస్‌కే ఓటు వేస్తాను. అంగుళంపావు స్టీలు లోపల 1.380. అందులో అంగుళం సీటీఎస్ హాయిగా పోతుంది. అంగుళం ఐపీఎస్ 1.315 కాబట్టి అది కూడా పోతుందని ఇద్దరు రాశారు. 0.065 ఖాళీతో తుప్పు పైపులో అరవై అడుగులు తోయగలరా? నేను తోయను.

రెండో తడబాటు గ్యాస్ సరిపోతుందా అన్న చోట. అంగుళం స్టీలులో అర అంగుళం సీటీఎస్ పెడితే లోపలి వ్యాసం 0.445కు పడిపోతుంది. వైశాల్యం లెక్కేసి ‘దాదాపు ఐదో వంతు మిగులుతుంది’ అని రాశారు. రాపిడి వల్ల ప్రవాహం వ్యాసానికి సుమారు రెండున్నర ఘాతంలో మారుతుంది. అలా వేస్తే మిగిలేది ఎనిమిదిన్నరో వంతు. పాత లో ప్రెషర్ లైన్లలో ఉండేది 7 అంగుళాల నీటి మట్టం ఒత్తిడి, అంటే పావు పీఎస్ఐ (చదరపు అంగుళానికి పావు పౌను). ఆ ఒత్తిడిలో అంత సన్న పైపు పెడితే చలికాలం పొద్దున్నే ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కు గ్యాస్ అందదు. అందుకే పైపు మార్చేటప్పుడు మెయిన్ (వీధి పైపు) ఒత్తిడి కూడా పెంచి, ప్రతి ఇంటి మీటర్ ముందు రెగ్యులేటర్ పెడతారు. పైపు సన్నబడటం, ఒత్తిడి పెరగటం, రెగ్యులేటర్ రావటం, ఈ మూడూ ఒకే పనిలో భాగాలు. విడదీసి ఆలోచించకండి. 2018 సెప్టెంబర్ 13న మసాచుసెట్స్‌లోని లారెన్స్, యాండోవర్, నార్త్ యాండోవర్‌లలో లో ప్రెషర్ మెయిన్‌లోకి ఎక్కువ ఒత్తిడి వెళ్లిపోయింది. పాత కాస్ట్ ఐరన్ మెయిన్ మార్చే పని జరుగుతుండగానే అది జరిగింది. ఇళ్ల దగ్గర ఆపడానికి రెగ్యులేటర్లు లేవు. ఇళ్లు తగలబడ్డాయి, ఒక యువకుడు చనిపోయాడు. ఈ పని నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఆ రోజు గురించి తెలుసుకోవాలి.

ఇక అసలు పాఠం.

గ్యాస్ ఆపడం, మెయిన్ దగ్గరా ఇంటి దగ్గరా గుంతలు తీయడం, పాత పైపు ఖాళీ చేయడం మీకు తెలిసినవే. ఆపరేటర్ క్వాలిఫికేషన్ (ఈ పనికి అర్హత) లేకుండా చేయి పెట్టకూడదనీ తెలుసు. ఎల్బో ఉన్న చోట ప్లాస్టిక్ తిరగదు కాబట్టి దానికి ముందే కోయాలి. ప్లాస్టిక్ తల మూసే లోపలికి పంపాలి, ఫెడరల్ రూల్ కూడా అదే చెబుతుంది. తెరిచి పంపితే తుప్పు పొరలు పారతో ఎత్తినట్టు లోపలికి వచ్చి, తర్వాత రెగ్యులేటర్‌లో చేరతాయి.

ఇప్పుడు స్టీలు మూతి, అంటే పాత పైపును కోసిన చివర. నన్ను బాగా బాధపెట్టే చోటు ఇదే.

చక్రం కట్టర్‌తో స్టీలు కోస్తే అంచు లోపలికి మడుచుకుంటుంది. ఆ మడత కత్తిలా ఉంటుంది, పైగా దారిని ఇరుకు చేస్తుంది. దాని మీద నుంచి ప్లాస్టిక్ లాగితే పొడుగునా గీత పడుతుంది. అర అంగుళం సీటీఎస్ గోడ మందం 0.090 అంగుళం. గోడలో పదో వంతు కన్నా లోతు గీత పడితే ఆ ముక్క పనికిరాదు. అంటే 0.009 అంగుళం. మామూలు కాగితం రెండు పొరలు కలిపితే దాదాపు అంత. కంటికి చిన్నగీతలా కనిపిస్తుంది, ‘ఏం కాదులే’ అనిపిస్తుంది. అవుతుంది.

నాకు హ్యాక్సా ఇష్టం. టైమ్ ఎక్కువ పడుతుంది కానీ మూతి ఇరుకవదు. దేనితో కోసినా రీమర్ (లోపలి అంచు చెక్కే పనిముట్టు) తిప్పండి, ఆ తర్వాత ఆకురాయితో లోపలి అంచు గుండ్రంగా చేయండి. వేలితో తడిమి చూడకండి, తెగుతుంది. చిన్న దూది ముక్క పుల్లకు చుట్టి మూతి చుట్టూ తిప్పండి. ఒక్క పీచు పట్టుకున్నా మళ్లీ ఆకురాయి పట్టండి. రెండు మూతులూ ఇలాగే. లోపలికి వెళ్లే మూతిని శుభ్రం చేసి బయటికి వచ్చే మూతిని వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. వచ్చే చోట కూడా గీసేది అదే స్టీలు.

అంచు నున్నగా అయినంత మాత్రాన పని అయిపోలేదు. గుంత పూడ్చిన మట్టి నెలల తరబడి కుంగుతుంది. స్టీలు లోపల ఉన్న ప్లాస్టిక్ కదలదు, బయట ఉన్నది మట్టితో పాటు కిందికి దిగుతుంది. ఆ బరువంతా మూతి దగ్గర పడుతుంది. ఒక మార్చి నెలలో న్యూజెర్సీలో వాసన వస్తోందని పిలిస్తే వెళ్లి తవ్వించాను. ముందు ఏడాది వేసిన పైపు మూతి అంచు మీద మోకాలిలా వంగి సగం దాకా తెగి ఉంది. మూతి లోపలి అంచు శుభ్రంగానే ఉంది. కింద మట్టి మాత్రం గట్టిపడలేదు. ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఆ గుంత అంచున నిలబడిన నిమిషం ఇప్పటికీ గుర్తుంది.

అందుకే మూతి దాటిన చోట ప్లాస్టిక్ చుట్టూ రక్షణ తొడుగు వేయాలి. తొడుగు కొంత భాగం స్టీలు లోపల, కొంత బయట ఉండాలి. పైపు కింద మట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయాలి, రాళ్లు ఏరేయాలి. చెక్క ముక్క పెట్టి ఎత్తకండి. మట్టి కుంగినా చెక్క కుంగదు, మోకాలు అక్కడ వస్తుంది. స్టీలుకూ ప్లాస్టిక్‌కూ మధ్య ఖాళీని కూడా మూయాలి. ముఖ్యంగా ఇంటి గోడ దాటే చోట. లేకపోతే వీధిలో లీకైన గ్యాస్ ఆ ఖాళీనే దారిగా చేసుకుని బేస్‌మెంట్‌లోకి వస్తుంది.

అసలు పైపు పంపే ముందు నేను అదే సైజు మూడడుగుల ముక్కను తాడుతో లాగుతాను. బయటికి వచ్చాక గోరుతో రాస్తాను. గోరు ఆగితే మళ్లీ మూతి దగ్గరికే. అసలు పైపు కూడా అవతలికి మూడడుగులు ఎక్కువ లాగి, ఆ భాగం చూసి కోసేస్తాను. ప్లాస్టిక్ వృథా అని ఫోర్‌మన్లు గొణుగుతారు. గొణగనివ్వండి.

లాగిన వెంటనే కలపకండి. ప్లాస్టిక్ చల్లబడితే కుంచించుకుంటుంది. 100 అడుగులకు 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా వస్తే సుమారు ఒక అంగుళం. జులై ఎండలో 130 డిగ్రీలకు కాలిన పైపు 60 డిగ్రీల నేలలోకి వెళ్తే, 60 అడుగులకు నాలుగు అంగుళాలు దాటి తగ్గుతుంది. ఆ లాగుడంతా కప్లింగ్ (పైపులు కలిపే ముక్క) మీద పడుతుంది. వీలైతే రాత్రంతా వదిలేసి పొద్దున కోసి కలపండి.

అభ్యాసం. అంగుళం పాత స్టీలు ముక్క ఒకటి తెచ్చుకుని ఇరవై సార్లు కోయండి. పది చక్రం కట్టర్‌తో, పది హ్యాక్సాతో. ప్రతి మూతికీ దూది పరీక్ష చేసి, ఎన్నిసార్లు ఆకురాయి పట్టాక పీచు చిక్కడం ఆగిందో రాసుకోండి. ఇరవై ఎక్కువని నాకు తెలుసు, తగ్గించను. దానితో పాటు ఒక లెక్క: 84 అడుగుల సర్వీసు, పైపు 115 డిగ్రీలు, నేల 55. ఎంత తగ్గుతుంది? ఇంకొకటి: ప్లాస్టిక్ లైన్‌కు పరీక్ష ఒత్తిడి గరిష్ఠ పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు లేదా 50 పీఎస్ఐ, ఏది ఎక్కువైతే అది. 60 పీఎస్ఐ లైన్‌కు ఎంత, 25 పీఎస్ఐ లైన్‌కు ఎంత? రెండో దాంట్లో తొందరపడకండి. ప్లాస్టిక్ పైపు నేలలో ఎక్కడుందో పట్టిచ్చే ట్రేసర్ వైరు గురించి వచ్చే పాఠంలో.