విమానాశ్రయ కారు బుకింగ్: కార్డు స్టేట్‌మెంట్‌లో తెలియని పేరు కనిపిస్తే

హనుమకొండ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికో, విదేశంలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల కోసం అక్కడి విమానాశ్రయం నుంచి ఇంటికో ముందుగా కారు బుక్ చేసి కార్డుతో చెల్లించినప్పుడు, స్టేట్‌మెంట్‌లో ఎన్నడూ వినని సంస్థ పేరు కనిపించవచ్చు. బుకింగ్ తీసుకున్న వెబ్‌సైట్ ఒకటి, డబ్బు వసూలు చేసిన పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థ) లేదా మాతృసంస్థ మరొకటి కావడమే దీనికి సాధారణ కారణం. కాబట్టి పేరును చూసి కంగారు పడకుండా, ముందుగా మొత్తాన్నీ తేదీనీ బుకింగ్ ఈమెయిల్‌తో పోల్చి చూడాలి. అదే కార్డు వాడే ఇంటివారిని కూడా అడగాలి.

మొత్తంలో తేడా ఉంటే, విమానం ఆలస్యమైనందుకు వెయిటింగ్ ఛార్జీ, ఔటర్ రింగ్ రోడ్డు టోల్ తర్వాత కలిశాయేమో చూడాలి. విదేశీ కరెన్సీలో చెల్లిస్తే బ్యాంకు మార్కప్ రుసుము (విదేశీ లావాదేవీకి బ్యాంకు అదనంగా తీసుకునేది), దానిపై 18 శాతం జీఎస్టీ పడతాయి. ధర రూపాయల్లో చూపినా సంస్థ విదేశంలో నమోదై ఉంటే కొన్ని బ్యాంకులు రుసుము వేస్తాయి.

ఇవేవీ సరిపోలకపోతే వెంటనే యాప్‌లో కార్డును బ్లాక్ చేసి, కార్డు వెనక ముద్రించిన నంబరుకే ఫోన్ చేయాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లను నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే వాటిలో మోసగాళ్లు పెట్టినవి ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు ఖాతాదారుడిదీ బ్యాంకుదీ కాని మోసపు లావాదేవీని, దాని గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుడిపై నష్టభారం ఉండదు. ఫిర్యాదు నంబరు రాసుకొని, సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయాలి.