బాల్ వాల్వ్ కట్టేసినా నీళ్లు ఆగకపోతే

ట్యాంకు నుంచి దిగే పైపు మీద బాల్ వాల్వ్ (లోపల చిల్లున్న బంతిని తిప్పి నీళ్లు ఆపేది) కట్టేసినా నీళ్లు ఆగలేదంటే చాలామంది ముందు ప్లంబర్‌ని పిలిచి వాల్వ్ కోయించేస్తారు. దయచేసి కోసే ముందు ఒక్కసారి హ్యాండిల్ చూడండి. పైపుకి వరసగా ఉంటే తెరిచినట్టు, పూర్తిగా అడ్డంగా ఉంటే కట్టేసినట్టు. కాస్త ఏటవాలుగా ఉన్నా కట్టినట్టు కాదు. బోరు నీళ్లున్న ఇళ్లలో లోపలి బంతి మీద ఉప్పు పేరుకుంటుంది, దాంతో హ్యాండిల్ చివరి దాకా రాదు. దూరం నుంచి మాత్రం కట్టినట్టే కనిపిస్తుంది. నాలుగైదు సార్లు మెల్లగా అటూ ఇటూ తిప్పితే చాలావరకు దారికొస్తుంది.

హ్యాండిల్ సరిగ్గానే ఉంది, అయినా కుళాయి కారుతోంది

ఇంట్లో సోలార్ వాటర్ హీటర్ ఉందా? ఉంటే వాల్వ్ జోలికి వెళ్లకండి, బాత్రూంలో వాల్ మిక్సర్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే గోడ కుళాయి) దగ్గరికి వెళ్లండి. మంచి వాల్వ్ తీసేసి కొత్తది వేయించుకుని, మర్నాడు మళ్లీ అదే కారుడు చూసిన ఇళ్లు నాకు చాలా తెలుసు.

జరిగేది ఇది. పై ట్యాంకు నుంచి బాత్రూంకి నీళ్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి మీరు కట్టేసిన చన్నీళ్ల లైను. రెండోది సోలార్ మీదుగా దిగే వేడినీళ్ల లైను. ఈ రెండూ కలిసేది మిక్సర్ కడుపులో. హ్యాండ్ షవర్ బటన్‌తో నీళ్లు ఆపడం అలవాటైనవాళ్లు మిక్సర్ నాబ్‌లు రెండూ తెరిచే వదిలేస్తారు. బయటికి చుక్క రాదు కాబట్టి అంతా కట్టే ఉందనుకుంటారు, లోపల మాత్రం రెండు లైన్లూ కలిసిపోయి ఉంటాయి. మీరు పైన చన్నీళ్ల వాల్వ్ కట్టగానే ఆ లైనులో ఒత్తిడి తగ్గుతుంది. సోలార్ వైపు నీళ్లు మిక్సర్‌లోంచి వెనక్కి తన్ని, వాష్‌బేసిన్ చన్నీళ్ల కుళాయిలో తేలతాయి.

ఆ కుళాయి కింద చెయ్యి పెట్టి కాసేపు ఆగండి. ముందు పైపులో నిలవ ఉన్న చల్లటి నీళ్లొచ్చి, తర్వాత గోరువెచ్చగా మారితే దొంగ దొరికినట్టే. తెల్లవారుజామున సోలార్ నీళ్లే చల్లారి ఉంటాయి కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే నమ్ముకోవద్దు. మిక్సర్ నాబ్‌లు రెండూ కట్టేయండి, సోలార్ లైను వాల్వ్ కూడా కట్టేయండి. కారడం ఆగితే మీ బాల్ వాల్వ్‌కి ఏ రోగమూ లేదు. ట్యాంకు నిండుగా ఉండగా యూనియన్ నట్టు (వాల్వ్‌ని పైపుకి బిగించే పెద్ద నట్టు) విప్పి చూడాలని మాత్రం అనుకోవద్దు. కొన్ని రకాల్లో ఒత్తిడికి బంతి బయటికి తన్నుకొస్తుంది.

పరిష్కారం మొదట అలవాటులో ఉంది: నీళ్లు నాబ్ దగ్గరే కట్టాలి. అది ఇంట్లో అందరితో కాదనుకుంటే, మిక్సర్‌కి వెళ్లే చన్నీళ్ల పైపులో బాణం గుర్తు మిక్సర్ వైపు ఉండేలా ఎన్‌ఆర్‌వీ (నీళ్లని ఒకే వైపు పోనిచ్చి వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్) వేయించండి. ట్యాంకు 10 అడుగుల ఎత్తులో ఉంటే వచ్చే ఒత్తిడి సుమారు 0.3 బార్ మాత్రమే. గట్టి స్ప్రింగున్న ఎన్‌ఆర్‌వీ దాన్నే మింగేసి షవర్‌ని సన్నబరుస్తుంది కాబట్టి మెత్తటి స్ప్రింగుది అడిగి తీసుకోండి. రెక్క రకం తీసుకుంటే నీళ్లు పైనుంచి కిందికి దిగే నిలువు పైపులో పెట్టకూడదు. సింగిల్ లివర్ మిక్సర్ అయితే లివర్ దించినా లోపలి కార్ట్రిడ్జ్ (నీళ్లు కలిపి, ఆపే ముక్క) అరిగి ఉంటే ఇలాగే కలుపుతుంది. కార్ట్రిడ్జ్ మారిస్తే చాలు, మిక్సర్ మొత్తం కొనక్కర్లేదు.

ఇంకా కారుతుంటే

అప్పుడు సీటు (బంతికి ఆనుకుని నీళ్లు ఆపే రింగు) పోయినట్టు. నీళ్లు తగ్గించడానికి వాల్వ్‌ని సగం తెరిచి నెలల తరబడి వదిలేస్తే, సందులోంచి దూసుకెళ్లే నీళ్లు టెఫ్లాన్ సీటుని ఒక పక్క తినేస్తాయి. ప్లాస్టిక్ వాల్వ్ అయితే మార్చడమే. కొత్తది పూర్తిగా తెరవండి, లేదా పూర్తిగా కట్టండి. ధార తగ్గించుకోవాలంటే కుళాయి దగ్గర యాంగిల్ కాక్ (కుళాయికి వెళ్లే పైపు మీది చిన్న వాల్వ్) ఉంది.

హ్యాండిల్ కింద చెమ్మ కనిపిస్తే, ఇత్తడి వాల్వ్‌కి హ్యాండిల్ తీసి గ్లాండ్ నట్టు (హ్యాండిల్ కడ్డీ చుట్టూ ఉండే నట్టు) పావు చుట్టు బిగించండి. హ్యాండిల్ తిరుగుతున్నా నీళ్లలో మార్పు లేకపోతే, అది కాడ (బంతిని తిప్పే కడ్డీ) మీద వదులై ఉత్తినే తిరుగుతోంది. కొత్త వాల్వ్ మొదటి రోజే బిగుసుకుపోతే అతికించేటప్పుడు సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) లోపలికి కారినట్టు, కోసి మళ్లీ వేయాల్సిందే. బోరు నీళ్ల వాల్వ్ మొరాయిస్తే లివర్‌కి పైపు ముక్క తొడిగి లాగకండి, కాడ విరిగితే ఇంటికి నీళ్లే ఉండవు.